గుంతకు ఒక చెంబు

తంగవేల్ చెప్పులు విడిచి ఎర్తు గుంత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పంకజవల్లి పశువుల కొట్టం పక్కన భూమిలోకి దించిన ఇనుప గొట్టం జానెడు మాత్రమే పైకి కనిపిస్తోంది. దానికి పసుపు, మూడు కుంకుమ బొట్లు, వాడిన కనకాంబరాల దండ. దండ తీసి పక్కన పెట్టి, కొట్టం రేకుల నుంచి వచ్చే తీగను గొట్టానికి బిగించిన మర మీది కుంకుమను గరుకు కాగితంతో రుద్దాడు. నెలకోసారి ఇదే పని. మర్నాటికల్లా మళ్ళీ ఎర్రబడుతుంది.

"అమ్మా, మరకు పెట్టొద్దని ఎన్ని తడవలు చెప్పినాను? తుప్పు పట్టిపోతాది. గొట్టానికి పెట్టుకోండి, సరే."

"మొహం వదిలి కాళ్ళకు పెట్టేదా?" కొట్టంలోంచి పంకజవల్లి అంది. "దినమూ ఒక చెంబు నీళ్ళు, ఒక బొట్టు. మా అత్త చెప్పి పోయినాది."

తప్పు తనదే. ఎనిమిదేళ్ళ కిందట ఈ వీధికి కరెంటు వచ్చినప్పుడు, ఎర్తు గుంత ఎండకూడదని ఆ అత్తకు చెప్పింది అతనే. ఎందుకని ఆవిడ అడిగింది. దారి తప్పిన కరెంటుకు తడి నేల దొరికితే అందులోకే పరుగెత్తి, ఫ్యూజు తీగను కరిగించి ఆగిపోతుందనీ, నేల పొడిగా ఉంటే ఇనుము పట్టుకున్న మనిషిలోంచి పోతుందనీ చెప్పే మాటలు అతని దగ్గర లేవు. "ఎండితే అమ్మకు కోపం వస్తాది," అనేశాడు. నెల తిరక్కుండా వీధిలోని పద్నాలుగు గొట్టాలకూ పసుపెక్కింది. కరెంటాఫీసులో అతన్ని పూజారి అని పిలిచారు. అతను సరిదిద్దలేదు. నీళ్ళు పడుతున్నాయి, అది చాలు.

మొదట్లో అతను కరెంటు స్తంభాలకు గుంతలు తవ్వే కూలీ. తోడుగా తవ్వినవాడు అళగు. సత్రపట్టిలో ఒక వేసవి గాలికి తీగ తెగి రేకుల కప్పు మీద పడింది. గాలికి తూలిన అళగు కప్పు కింది ఇనుప స్తంభాన్ని పట్టుకున్నాడు. మళ్ళీ వదల్లేదు. అక్కడి గొట్టం చుట్టూ మట్టి బూడిదలా పొడిగా ఉండటం తంగవేల్ చూశాడు.

అప్పటినుంచి అతనికి రెండే నియమాలు. ఎర్తు గుంతలు తడిగా ఉండాలి. గాలి రాకముందే వీధి మలుపులోని పెట్టెలోంచి ఇంటింటి ఫ్యూజూ లాగి సంచిలో వేసుకోవాలి. తీగలన్నీ కళ్ళతో చూసేదాకా తిరిగి పెట్టకూడదు. ఎవరు తిట్టినా అంతే.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. వాయువనుకున్నాడు.

"ఊరి ఆడోళ్ళందరికీ నీళ్ళు పొయ్యమంటావు," అంది భార్య శంకరియమ్మాళ్. "మన కుండలో నీళ్ళుండాయా, ఎప్పుడన్నా చూసినావా?"

"మన ఇంట్లో కరెంటే లేదు గదా."

"అదీ చెప్పు. పూజారి ఇంట దీపం లేదు!"

నవ్వబోయి ఆగాడు. పడమటి కొండ కనిపించడం లేదు. అది ఉండాల్సిన చోట ఎర్రటి దుమ్ము లేచి ఉంది.

సైకిలెక్కాడు. యాభై ఆరేళ్ళ కాళ్ళు గాలికి ఎదురు తొక్కలేకపోయాయి. రెండుసార్లు దిగాడు. దారి పొడుగునా తలుపు తలుపుకూ అరిచాడు. "లాంతరు గూట్లో పెట్టుకోండి! తీగ పడితే పాము పడినట్టే, దగ్గరికి పోవద్దు!" ప్రతి వేసవిలోనూ గాలి కంటే అతనే ముందు చేరేవాడు. ఈసారి పెట్టె ఇంకా ఇరవై అడుగులుందనగా మామిడి కొమ్మ విరిగింది.

పంకజవల్లి ఇంటికి వెళ్ళే తీగ తెగి, కరెంటు స్తంభం వైపు కొస వచ్చి కొట్టం రేకుల మీద పడింది. కప్పు కింద ఆమె ఒక చేత్తో దూడ పలుపు లాగుతోంది. రెండో చెయ్యి ఇనుప స్తంభాన్ని చుట్టుకుని ఉంది.

అతను సైకిలు వదిలేశాడు.

రేకు మీద చీపురుపుల్లంత నీలి మెరుపు. పెట్టెలో ఠప్‌మని ఒక చప్పుడు. అంతే. ఆ చెయ్యి ఇంకా స్తంభం మీదే ఉంది. అతను దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అది మెల్లగా స్తంభాన్ని వదిలి దూడ వీపు మీద ఒక్కటి వేసింది.

"రాకుండ ఏమి మొండి నీకు!" దూడను తిడుతోంది పంకజవల్లి.

తంగవేల్ అరిచాడు. "అమ్మా! ఏమీ తాకొద్దు, ఇవతలికి రండి!"

పెట్టె దగ్గరికి పోయి ఆమె ఇంటి ఫ్యూజు లాగి చూశాడు. లోపలి తీగ లేదు. మిగతా పదమూడూ లాగి సంచిలో వేసుకున్నాడు. సైకిలు ట్యూబు అతుకులు వేసిన రబ్బరు చేతి తొడుగులు వేసుకుని, తెగిన తీగను చుట్టి పక్కకు కట్టాడు. అప్పటికి గాని వాన మొదలవలేదు.

పంకజవల్లి ఇంటి తిన్నె మీద కూలబడ్డాడు. కరిగిన ఫ్యూజును పక్కన పెట్టుకున్నాడు.

"చచ్చిపోయుందునా తంగవేలూ?"

"పోయుందురు."

ఆమె తన అరచేతిని చూసుకుంది. "ఎట్లా తప్పినాది?"

ఎనిమిదేళ్ళుగా లేని మాటలు ఇప్పుడు వచ్చాయి. తీగ నుంచి రేకుకు, రేకు నుంచి తను బిగించిన ఎర్తు తీగ మీదుగా గొట్టానికి, గొట్టం నుంచి పొద్దున ఆమె పోసిన చెంబెడు నీళ్ళకు, ఆ తడి నుంచి నేల అడుక్కు. వేలితో గాలిలో గీసి మరీ చూపించాడు. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయిందని చెప్పాడు.

పంకజవల్లి చెంపకు చెయ్యి ఆనించుకుని అంతా విన్నది.

"అదే గదప్పా నేను చెప్పేది," అంది. "ఆయమ్మే."

తంగవేల్ ఆలోచించాడు. వానలో తడుస్తున్న ఆ జానెడు గొట్టాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు.

"మజ్జిగ తెస్తాను, ఉండు. ముఖం అంతా చెమట."

లాంతరు గూట్లోనే చేతికి తగిలింది. వెలిగించి, లోటాతో ఆమె బయటికి వచ్చేసరికి అతను తిన్నె స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు గొట్టం వైపే ఉన్నాయి. లోటా అందుకోలేదు. ఆమె రెండుసార్లు పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, లాంతరు కింద పెట్టింది.

లైనులో అతనితో పనిచేసే దురైసామి వచ్చాడు. ముందు శంకరియమ్మాళ్ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. తర్వాత వీధంతా నడిచి ప్రతి తీగనూ చూసి, సంచిలోని పదమూడు ఫ్యూజులూ ఒక్కొక్కటిగా పెట్టెలో పెట్టాడు. దీపాల వేళకు పదమూడు ఇళ్ళు వెలిగాయి.

పద్నాలుగోది తిన్నె మీదే ఉండిపోయింది. అరచేతిలో పట్టే తెల్లటి పింగాణి ముక్క, దాని నడుమ ఒక్క మసి బొట్టు.