పది లక్షల ఒకటి

నేను ఒక సంఖ్యను. పది లక్షల ఒకటి అంటారు నన్ను. అటొక ఒకటి, ఇటొక ఒకటి, మధ్యలో బారుగా సున్నాలు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా నేను నేనే. మనుషుల్లో ఈ గుణం అరుదు. నన్నెవరూ తయారుచేయలేదు. ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ నా దాకా వచ్చే ఓపిక కూడా ఎవరికీ లేదు.

పార్వతీపురంలో లెక్కల లెక్చరర్ పైడిరాజు మాత్రం పెళ్లయిన కొత్తలో నా వెంట పడ్డాడు. భార్య నూకరత్నాన్ని మెప్పించాలని అతని కోరిక. కవిత్వం రాదు. నన్ను మూడుతో భాగిస్తే రెండు మిగిలింది. ఏడుతో భాగిస్తే రెండే. పదకొండు, పదమూడు, ముప్ఫై ఏడు, ఎవరొచ్చి తలుపు తట్టినా రెండే మిగిల్చి పంపాను. తక్కినవాటిని అతను బద్ధకించి వదిలేశాడు.

"ఇది ప్రధాన సంఖ్య, రత్నం. దీన్నెవులూ ముక్కలు చెయ్యనేరు. మనమూ అంతే," అన్నాడు.

నూకరత్నం మురిసిపోయింది. గుమ్మం పక్కన రేకు మీద ఇద్దరి పేర్ల కింద నన్ను రాయించారు. నాకూ గర్వం తలకెక్కింది. గొప్పవాడివంటే కాదనేవాళ్లు ఎంతమంది?

ఏళ్లు గడిచాయి. ఒకనాడు క్లాసులో రెండు ఘనాల మొత్తం సూత్రం చెబుతూ, తేలిగ్గా ఉంటుందని వందనీ ఒకటినీ తీసుకున్నాడు పైడిరాజు. వంద ఘనం పది లక్షలు. దానికి ఒకటి కలిపేసరికి బోర్డు మీద నేను ప్రత్యక్షమయ్యాను. సూత్రం ప్రకారం నా కింద నూట ఒకటి ఇంటూ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి అని రాశాడు. అక్కడే చేయి ఆగిపోయింది.

"గుణించి చూడమంటారా సార్?" అని ఎవరో అడిగారు.

"వద్దు!" అని అరిచి, తలనొప్పి వంకతో ఇంటికొచ్చేశాడు.

రేకు ఊడబీకుతుంటే నూకరత్నం చూసింది. "ఏటైనాది మీకు? దాన్నెందుకు పీకేస్తన్నారు?"

"అది ప్రధాన సంఖ్య కాదు, రత్నం. రెండు ముక్కలవుతాది."

ఆమె ముఖం చిన్నబోయింది. ఇరుగుపొరుగు దగ్గర నా గురించి ఎంత గొప్పగా చెప్పుకుందో నాకు తెలుసు. అయినా అడిగింది. "ఆ ముక్కలు మళ్లీ ముక్కలవుతాయా?"

పైడిరాజుకి చెమట పట్టింది. ఈసారి బద్ధకించలేదు. అరుగు మీద చతికిలబడి, వందలోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ ఆ రెండింటినీ భాగించి చూశాడు. శేషం తేలినప్పుడల్లా పక్కన కూర్చున్న నూకరత్నం ఊపిరి పీల్చుకుంది.

"అవ్వవు. రెండూ మొండివే," అన్నాడు చివరికి.

"మరింకేటి బాధ? ఒకటి మీరు, ఒకటి నేను."

పైడిరాజు ముఖం వెలిగిపోయింది. "బాగుంది రత్నం! అయితే ఆ పెద్దది..."

"నాది," అంది నూకరత్నం.

రేకు పాత ఇనుముకి పోయింది. కొత్తదాని మీద నేను లేను. ఆమె పేరు పక్కన 9901, అతని పేరు పక్కన 101 ఉన్నాయి. వచ్చిన చుట్టాలు అవేవో పరీక్షలో ఇద్దరికీ పడ్డ మార్కులనుకుని, పైడిరాజు వంక జాలిగా చూస్తున్నారు.