గొట్టంలో అన్నం

అదేంటి, పొట్టలోకి వెళ్ళే గొట్టానికి సిరంజి పెట్టి వెనక్కి లాగితే పొద్దున ఎనిమిదింటికి పోసిన జావ పోసింది పోసినట్టే తిరిగొస్తోంది, పాలు విరిగిన తునకలు తప్ప ఏమీ మారలేదు, నాలుగు గంటలపాటు మా ఆయన పొట్ట ఏం చేస్తున్నట్టు, మనిషి అలిగినట్టు పొట్ట కూడా అలుగుతుందా, గంగబాబు అంటే అల్లవరం వైపు పడవలవాళ్ళందరికీ తెలుసు, వేట నుంచి వస్తూనే రెండు కంచాల చద్దన్నం ఊదేసే మనిషి, నోట్లో పుండు కాన్సరని తేలి నాలుకా దవడా కొంత తీసేశాక మింగడం పోయింది, మాట పోయింది, పొట్టకి కన్నం పెట్టి గొట్టం అమర్చారు, అందులోంచి రాగిజావ, పాలు, మిక్సీ పట్టి గుడ్డలో వడకట్టిన పెసరపప్పు, నేను పోస్తాను, ఆయన గోడకేసి చూస్తూ కూర్చుంటాడు, ఐదు నెలలుగా మా ఇంట్లో అన్నం అంటే ఇదే.

నా అన్నం ఈ ఇంట్లో లేదు, ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు చేపలు వేయిస్తుంటే ఆయన పెదవి పక్కనుంచి ఉమ్మి కారి తువ్వాలు తడిసిపోయింది, తుడుచుకుని సిగ్గుపడి తల తిప్పేసుకున్నాడు, ఆ క్షణమే పొయ్యి ఆర్పేశాను, అప్పటినుంచి నా వంటా తిండీ పక్కింట్లో తోడికోడలు అమ్ములు దగ్గరే, పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన పీట వేసుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, నమలను, మింగేస్తాను, చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడిగి, లవంగం బుగ్గన పెట్టుకుని ఇంట్లోకి వస్తాను, ఎందుకక్కా ఈ దొంగతిండి, బావగారికి తెలీదనుకుంటున్నావా అంటుంది అమ్ములు, తెలిస్తే తెలిసిందిలే, ఆయన ప్రాణం ఉసూరుమనకపోతే చాలు అంటాను, పెళ్ళయ్యాక ఒక్కదాన్నే కూర్చుని తిన్నది లేదు, పడవ ఆలస్యమైతే ఆకలేసినా ఆగేదాన్ని, ఇప్పుడు తొట్టి మీద వాలిన కాకి తప్ప నా ఎదురుగా ఎవరూ ఉండరు, ఒక్కోసారి దానికే ఇంకో ముద్ద వేసి కాసేపు ఆపుతాను.

నిన్న అమలాపురం ఆసుపత్రిలో, బరువు పదమూడు కిలోలు తగ్గాడని డాక్టరుగారు మందు మార్చి లావణ్యగారి దగ్గరికి పంపారు, ఎవరేం తినాలో చెప్పే డైటీషియన్ ఆవిడ, మా అమ్ములు కూతురంత వయసు, మనం తినేదంతా పూసల దండల్లాంటిదండీ తులసిగారూ, అన్నంలో చక్కెర పూసలు, పప్పులో గుడ్డులో వేరే రకం పూసలు, దండ దండలాగే ఒంటికి పట్టదండి, తెంపి విడి పూసలు చెయ్యాలి, ఆ తెంపే పని నోట్లో ఉమ్మిదీ పొట్టలో ఊరే రసాలదీనండి అంది, ఆయ్ అన్నాను, మరి మా ఆయనకి ఆ రసాలు ఎండిపోయేయాండీ, లేదండీ, వాటికి కబురెళ్ళాలి కదా, కూర వాసన తగిలినప్పుడు, కంచం చప్పుడైనప్పుడు, ఏదో వస్తోందని పొట్టకి ముందే తెలుస్తుంది, నోరూరడం అంటే అదేనండి, మీరు పోసేటప్పుడు పక్కన ఎవరన్నా భోంచేస్తుంటారా, ఎవరూ చెయ్యరండి, వాసన చొరబడకుండా తలుపులు కూడా వేసేస్తానండి అన్నాను గొప్పగా, ఆవిడ రాస్తున్నది ఆపి నాకేసి చూసింది, మందు వెయ్యండి, ఇకనుంచి కొంచెం కొంచెంగా పొయ్యండి, దాంతోపాటు ఒక్కసారి ఆయన ఎదురుగా కూర్చుని మీరు తిని చూడండి, ముందు ఆయన్నడిగేనండోయ్, వద్దంటే బలవంతం లేదు.

నిన్నంతా అడగడానికి నోరు రాలేదు, ఇప్పుడీ తిరిగొచ్చిన జావ చూశాక ఇంక ఆగలేక, సిరంజి కడిగి పక్కన పెట్టి, ఏవయ్యా, మెత్తళ్ళు తెచ్చేను, మామిడికాయేసి ఇక్కడే వండుకుని నీ దగ్గరే కూచుని తిననా అని అడిగాను, తలూపాడు, పొయ్యి వెలిగించాను, ఉల్లిపాయ మగ్గి, కారం పడి, ఆ చిన్న చేపలు పులుసులో కుతకుతలాడేసరికి గోడలకి కూడా వాసన పట్టింది, కంచంలో వడ్డించుకుని చూద్దును కదా, ఆయన పెదవి పక్కన ఉమ్మి, తువ్వాలు తడుస్తోంది, కంచం పట్టుకుని అమ్ములింటికి పరిగెత్తబోయాను, ఆయన మంచం పట్టె మీద చేత్తో గట్టిగా కొట్టాడు, కూర్చోమని నేల చూపించాడు, కేలండరు కాగితం చింపి వెనక్కి తిప్పి ఏదో రాసి నా ముందుకు తోశాడు, నాకు కళ్ళు మసకలు కమ్మేశాయి, ఇంక ఈ బతుకు వద్దని రాశాడేమో, ఇంత నిర్దయ ఏంటని తిట్టాడేమో, తీరా చూస్తే, మామిడికాయ తక్కువేసేవు.

నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది, ముద్ద నోట్లో పెట్టుకుంటే నిజమే, పులుపు చాల్లేదు, ఎన్ని నెలలకో నమిలాను, అన్నం నాలుక మీద తియ్యగా అయ్యేదాకా నమిలాను, ఆయన నా నోటికేసే చూస్తున్నాడు, ఆయన గొంతు కదిలింది, పొట్ట గుర్రుమని అరిచింది, ఇద్దరికీ వినపడింది, నేనొక ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, గొట్టంలో ఆయనకి కాస్త పోసి, మళ్ళీ నేనొక ముద్ద, చల్లారిపోయినా సరే అలాగే కంచం ఖాళీ అయింది, ఆయన ఒక్కసారి కూడా గోడకేసి తిరగలేదు, చివర్న ఆ కాగితం మీదే ఇంకో మూల రాశాడు, ఐదు నెల్లనించీ ఒక్కణ్ణే తింటన్నాను, సాయంత్రం సిరంజి పెట్టి లాగితే రెండు చెంచాలకి మించి రాలేదు, మందు పనిచేసిందో, కొంచెం కొంచెంగా పోయడం వల్లో, పులుసు వాసనో, నాకు తెలీదు, తెలిసిందొక్కటే, ఆయన తట్టుకోలేడని ఊరందరికీ చెప్పుకుంటూ వాసననీ కంచాన్నీ ఆఖరికి నన్నూ ఆయన ముందునుంచి తీసేశాను, ఆయన తట్టుకుంటూనే ఉన్నాడు, ఆయన తినలేకపోవడాన్ని ఎదురుగా కూర్చుని చూడలేక లేచి పారిపోయిందాన్ని నేను.