జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

మాధవీలతకు ఉద్యోగం ఇవ్వబోమన్న కంపెనీలు ఇరవై ఒకటి. ఆ మాట చెప్పే మర్యాద కూడా లేనివి ఇంకెన్నో! అందరిదీ ఒకటే ప్రశ్న: "అనుభవం ఉందా?" ఎవరూ పనివ్వకపోతే అనుభవం ఎక్కడినుంచి ఊడిపడుతుందో అడిగిన మహానుభావులకే తెలియాలి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో, మందుల పెట్టెలు ఉంచే చల్లటి గోదాములో ఆమె పని. రెండేళ్లుగా మధ్యాహ్నం డబ్బా తిన్నాక మిగిలే ఇరవై నిమిషాలూ, సెలవు రోజులూ ఒక పాత లాప్‌టాప్‌కే పోయాయి. కొత్త మందు వాడి చూసిన రోగుల వివరాలను ప్రోగ్రాములతో పట్టికలుగా మార్చడం నేర్చుకుంటోంది. మందు పనిచేసిందా, ఎవరికైనా హాని చేసిందా అన్నది ఆ పట్టికల్లోనే తేలుతుంది. చదివింది బీకాం. గురువు లేడు, కోర్సు లేదు. వీడియోలు చూసి, తప్పులు చేసి, ఏడ్చి నేర్చుకుంది.

చివరికి ఎయిర్‌పోర్టు రోడ్డులోనే ఉన్న ఒక చిన్న కంపెనీ పరీక్షకు పిలిచింది. వచ్చేది ఆరుగురు, ఉద్యోగం ఒక్కటే.

"అమ్మా, గిదొక్కటి చూస్త. గిది గూడ రాకుంటే ఇగ ఆ లాప్‌టాప్ ముట్ట" అంది పొద్దున బయల్దేరుతూ.

"ముట్టకుంటే ఎట్ల బతుకుతవే? దాన్ని సూస్కుంటనే నవ్వుతవ్, దాన్ని సూస్కుంటనే ఏడుస్తవ్" అంది తల్లి శివమ్మ. "పో, జర నిమ్మళంగ రాయి. పరేషాన్ గాకు."

పరీక్ష మూడు గంటలు. ఎప్పుడో ముగిసిన బీపీ మందు పరిశోధన వివరాలు ఇచ్చారు. రెండు దవాఖానలు, రెండు వందల నలభై మంది రోగులు. పేర్లుండవు, పొడి అక్షరాలు, ఆడో మగో, పుట్టిన తేదీ, అంతే. ప్రశ్నపత్రంలో ఒక నియమం రాసుంది: ఒకే మనిషి రెండు దవాఖానల్లోనూ చేరి ఉండవచ్చు, పొడి అక్షరాలూ పుట్టిన తేదీ కలిస్తే ఒక్కరిగానే లెక్కించి, తక్కువసార్లు వచ్చిన నమోదును తీసేయాలి.

చెప్పినట్టే చేసింది. పదిహేను నమోదులు పోయాయి. పదకొండు పట్టికలూ ముచ్చటగా వచ్చాయి. మొత్తం చావులు రెండు. ఇంకా నలభై నిమిషాలున్నాయి. పక్క కుర్చీలో ఫార్మసీ చదివిన అమ్మాయి అప్పుడే పని ముగించి లేచిపోయింది.

ఆమె కూడా లేచేదే. కానీ గోదాములో ఒక పద్ధతి ఉంది. వరుసలోంచి తీసేసిన పెట్టెను కళ్లతో చూడనిదే సంతకం పెట్టరు. చేతికి అలవాటైపోయి, తీసేసిన పదిహేనూ తెరిచి చూసింది.

అందరూ జనవరి ఒకటినే పుట్టారు!

మొదట నవ్వొచ్చింది. మహేశ్వరం పక్క వాళ్ల ఊళ్లో ఆధార్ రాయడానికి వచ్చినతను పుట్టిన తేదీ అడిగితే, శివమ్మ "పెద్ద కరువు వచ్చిన మరుసటేడు" అంది. అతను ఏదో ఏడాది వేసి, జనవరి ఒకటి అని కొట్టేశాడు. నాన్న బుచ్చయ్యకూ అదే, పక్కింటి గోపయ్యకూ అదే. తేదీ తెలియని ఊరు ఊరంతా కొత్త సంవత్సరం నాడే పుట్టింది. పొడి అక్షరాలు కలవడం ఎంతసేపు?

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఒక జతలో ఇద్దరూ అరవై రెండేళ్ల ఆడవాళ్లు. ఒకామె బరువు నలభై ఒక్క కిలోలు, ఇంకొకామెది డెబ్భై. నలభై ఒక్క కిలోల ఆమె మందు మొదలైన మూడో నెలలో చనిపోయింది. రెండో ఆమె ఆరో నెలలో వచ్చి బీపీ చూపించుకుంది.

మాధవీలత ఆ రెండు వరుసలూ మళ్లీ చదివింది. చచ్చిపోయిన మనిషి మళ్లీ దవాఖానకు వస్తుందా? వీళ్లు ఒక్కరు కాదు, ఇద్దరు. తక్కువసార్లు వచ్చిందని ప్రోగ్రాము తీసేసింది చనిపోయిన ఆమెనే. ఎక్కువసార్లు ఎట్లా వస్తుంది, పాపం!

ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే నియమం ప్రకారం అంతా సరే. మార్చాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. ఎందుకంటే ప్రతి పట్టిక పైవరుసలోనూ రోగుల సంఖ్యలు ప్రోగ్రామే లెక్కించేలా పెట్టకుండా చేత్తో కొట్టింది. నేర్పేవాళ్లు లేక నేర్చుకున్నవాళ్లు చేసే తప్పే అది. ఇచ్చేయవే పిచ్చిదానా, అంది మనసు. రెండేళ్ల కష్టం! అయినా చెయ్యి ఒప్పుకోలేదు. పదిహేను నమోదులూ వెనక్కి చేర్చింది. సమయం అయిపోయేసరికి ఆరు పట్టికలే అయ్యాయి.

పరీక్ష పెట్టిన ప్రియదర్శిని కోస్తా వైపు మనిషి, పట్టికలు చేసే విభాగానికి పెద్ద. స్క్రీను చూసి నిట్టూర్చింది.

"అయిదు పట్టికలు లేవండీ. చావులు మూడు అని వేశారు. మా జవాబులో రెండే ఉన్నాయి."

"మూడే మేడమ్. మా దిక్కు పుట్టిన తారీఖు తెల్వకుంటే జనవరి ఒకటి రాస్తరు. మా అమ్మది గూడ గంతే. జర గీ ఇద్దరి బరువు చూడుండ్రి."

ప్రియదర్శిని చూసింది. ఆరో నెల దగ్గర వేలు ఆగింది. ముఖంలో రంగు మారింది.

"ఈ నియమం రాసింది నేనే" అంది. "పరీక్ష కోసం కాదు. అసలు రిపోర్టుకే రాశాను."

"బయటికి పోయిందా మేడమ్, ఆ రిపోర్టు?"

"పోయింది. రెండు అనే పోయింది."

మాధవీలతకు భయమేసింది. పెద్దమనిషి తప్పు పట్టుకున్నదానికి ఉద్యోగం ఎవరిస్తారు? అయిపోయింది, ఇరవై రెండోది కూడా. బ్యాగు భుజాన వేసుకుంది.

"ఎక్కడికండీ?" అంది ప్రియదర్శిని. "ఆ రిపోర్టు వెనక్కి తీసుకోవాలి. అది అందినవాళ్లందరికీ ఈ రోజే రాయాలి. ఆ తర్వాత నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఊడేలోపు మీ ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టే వెళ్తాను. కూర్చోండి. మొదటి పని ఇదే."

ఉద్యోగం వచ్చిన రోజు ఎట్లా ఉంటుందో మాధవీలత ఎన్నోసార్లు ఊహించుకుంది. అమ్మకు ఫోన్ చేసి గట్టిగా అరవాలనుకుంది. ఇప్పుడు ఫోను బ్యాగులోనే ఉండిపోయింది. అసలు రిపోర్టు తయారుచేసిన ప్రోగ్రాము తెరిచి, ఆ నియమం ఉన్న వరుస తీసేసి, మళ్లీ నడిపింది. రెండు ఉన్నచోట మూడు వచ్చింది. ఇంట్లోవాళ్లు ఎప్పుడో ఏడ్చి ఊరుకున్న చావు, ఇన్నాళ్లకు లెక్కలోకి వచ్చింది. రెండు అక్షరాలూ ఒక బరువూ తప్ప ఏమీ తెలియని ఆ మనిషి కోసం మాధవీలత కన్నీళ్లు పెట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, మిగిలిన పద్నాలుగు మందినీ ఒక్కొక్కరినే చూడడం మొదలుపెట్టింది.