మీసానికి తగిన ముసుగు

మా బావమరిది మునీంద్రకు ఊపిరితిత్తుల కంటే మీసం ముఖ్యం. ఎగతాళికి అనడం లేదు. వాడు చేసిన పని చూసి చెబుతున్నాను.

బేతంచెర్ల బయట శివశంకర్ అనే పెద్దమనిషికి పలుగురాయిని పొడి కొట్టే మిల్లు ఉంది. మునీంద్ర అందులో మిషను నోట్లో రాయి వేస్తాడు. సాయంత్రం కనురెప్పలతో సహా పిండిలో దొర్లినవాడిలా బయటికొస్తాడు. శివశంకర్ మంచి మాస్కులే కొన్నాడు. కొని, ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. తనిఖీకి వచ్చినవాళ్లు చూసి మెచ్చుకుని, టీ తాగి పోతారు. ఆ మిల్లులో దగ్గు లేనిది ఆ బీరువా ఒక్కదానికే.

మునీంద్ర ఎక్స్‌రే చూసి కర్నూలు డాక్టరు, ఇంకా ధూళి లోపలికి పోతే తన దగ్గర మందు లేదన్నాడు. పని మానమంటే వీడు మానడు. వాన ఎరగని మెట్టచేలో పోయి చేసేదీ ఏమీ లేదు. మా ఆవిడ శివపార్వతికి తోడబుట్టినవాడు వీడొక్కడే.

“లారీ సీట్లు కుడతావు కదా, నా తమ్ముని మూతికి ఒకటి కుట్టలేవా?” అంది.

సీటు మీద ఆనేదానికీ మూతికీ ఆమెకు తేడా కనబడలేదు. మునీంద్ర విషయంలో నాకూ పెద్దగా కనబడలేదు కాబట్టి ఒప్పుకున్నాను.

మూతికి సరిపడా మాస్కు కుట్టి, పాత ట్యూబు రబ్బరు కోసి దానికి అంచు కట్టాను. ధూళి ఆపే ఫిల్టర్లు కర్నూలు నుంచి తెచ్చి చెంపల వైపు బిగించాను. సాయంత్రం వాడు పని దిగాక విప్పి చూస్తే లోపల ముక్కు కింద తెల్లటి చార. మీసం గుండా దిగింది. ఆ మీసం అలాంటిది. చివరలు చెవుల దాకా బయలుదేరి దారిలో అలిసిపోయినట్టు ఉంటాయి. రబ్బరు దానిమీద ఆనదు. సందుల్లోంచి ధూళి దర్జాగా నడిచిపోతుంది.

“మీసం తీసెయ్‌రా, మాస్కు అతుక్కుంటాది,” అన్నాను.

వాడు తండ్రి వైపు చూశాడు. మా మామ ఆదెన్న అరుగు మీద వక్కాకు నములుతున్నాడు.

“నేను బతికుండంగానా?” అన్నాడు మామ. “నాయన సచ్చినోళ్లు తీస్తారప్పా మీసం. వీడు తీస్తే ఆదెన్న పోయినాడనుకోరా జనాలు?”

“నువ్వు ఈడే కూర్చోనుంటావు కదా మామా. కనపడవా?”

“ప్రతివొక్కనికీ పోయి కనపడల్లా నేను?”

“కొడుకు పోతే నువ్వేం తీస్తావు?”

మామ వక్కాకు ఉమ్మేశాడు. ఇంకొకటి మడుచుకున్నాడు.

“నాయన ఉండంగా వద్దులే బావా,” అని మునీంద్ర దగ్గాడు.

ఆ వంశానికి ఉన్న తెలివి అంతే. అందుకని మూతిని వదిలేసి తల మొత్తానికి కుట్టడం మొదలుపెట్టాను. లారీ క్యాబిన్లో అద్దాలెత్తి, గాలిని లోపలికి తోసే ఫ్యాను వేస్తే, లోపలి గాలి బయటికి తోస్తూ ఉంటుంది గనక సందులున్నా ధూళి రాదు. అదే పని తలకాయకు చేశాను. భుజాల దాకా దిగే పల్చటి రెక్సిన్ ముసుగు, కళ్ల ముందు అద్దంలాంటి ప్లాస్టిక్, వెనక గొట్టం, నడుముకు బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, దాని నోటికి ఫిల్టరు. మీసం జోలికి ఎవరూ పోరు. పైగా దానికి లోపల గాలి కూడా తగులుతుంది.

సాయంత్రం లోపల తుడిస్తే వేలు శుభ్రంగా వచ్చింది. కొన్నాళ్లకు దగ్గు కూడా నెమ్మదించింది. అంతా సవ్యంగా ఉంటే మనవాళ్లకు తోచదు. లోడింగు మేస్త్రి బొజ్జన్న అందుకున్నాడు.

“ఏమప్పా మునీంద్రా, మీసం తీసి మూసుకోనుండావా? మీ నాయన ఎప్పుడు పోయినాడు? కబురే చేయకపోతివి.”

ఈడ ఎగతాళిగా పుట్టిన మాట బద్వేలు చేరేసరికి చావుకబురు అయింది. అక్కడుండే మామ చెల్లెలు గురమ్మ ఏడుస్తూ బస్సు దిగింది. అన్న జొన్నరొట్టె తింటున్నాడు. అంత దూరం మోసుకొచ్చిన ఏడుపును వృథా చేయడం ఇష్టం లేక ఇంకాసేపు ఏడ్చి, తర్వాత తనూ ఒక రొట్టె తింది.

మర్నాడు మామ మిల్లుకు బయలుదేరాడు. ముసుగు చింపుతాడేమోనని నేనూ వెనకే పోయాను.

“తీయ్‌రా అది,” అన్నాడు కొడుకుతో. “అందరికీ మీసం చూపించు.”

మిషను తిరుగుతోంది. మునీంద్ర ముసుగు తీశాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు, నోటి నిండా పొడి పడింది. స్తంభం పట్టుకుని వంగిపోయాడు. పక్కన మామకూ దగ్గొచ్చి కళ్లు మూతలు పడ్డాయి, అయినా అరుపు ఆపలేదు. నేను వాడి నడుము నుంచి ఫ్యాను విప్పి మామకు కట్టి, ముసుగు ఆయన తల మీద దించాను. జాలితో కాదు, ఆ నోరు మూయించాలని.

నోరు మూతపడలేదు. లోపల మంచి గాలి దొరికేసరికి గొంతు లేచింది.

“చూడండప్పా, మీసం ఉండాది వానికి. బాగా చూడండి.”

చల్లటి గాలి పీలుస్తూ తండ్రి మీసం చూపిస్తున్నాడు. ఊపిరందక కొడుకు మోకాళ్ల మీదికి జారుతున్నాడు. బొజ్జన్న మాత్రం చూడలేక తల తిప్పుకున్నాడు. ప్లాస్టిక్‌లోంచి మామకు కొడుకు ఎంతసేపటికి కనబడ్డాడో తెలియదు. మాట మధ్యలో ఆగింది. ముసుగు పెరుక్కుని వాడి తలకు తొడిగాడు, అదీ వెనకది ముందుకు. నేను సరిచేసి ఫ్యాను వాడికి కట్టాను.

“ఇంగ తీయొద్దు,” అన్నాడు మామ. “నేను బతికుండేది నేను చెప్పుకుంటా.”

మరుసటి పొద్దు నుంచి మిల్లు గేటు దగ్గర పగిలిన బండ మీద కూర్చుంటున్నాడు. లోపలికి పోయే ప్రతివాడికీ చెబుతాడు.

“నేను ఆదెన్న. బతికే ఉండా. నా కొడుక్కి మీసం ఉండాది.”

సంబంధం లేని లారీ డ్రైవర్లు కూడా తలూపి పోతున్నారు. ఊరికే కాపలావాడు దొరికినందుకు శివశంకర్ ఆయనకు టీ పంపిస్తున్నాడు. మునీంద్ర మాత్రం ముసుగు తీయడం లేదు.

మొన్న మామ నన్ను పిలిచాడు.

“నాకూ ఒకటి కుట్టు అల్లుడా. గేటు కాడ శానా ధూళి.”

టేపు తీసి, “నెత్తికి చుట్టిన రుమాలు తీయి మామా, తల కొలుస్తా,” అన్నాను.

“నలుగురు తిరిగే చోట రుమాలు తీయల్లా నేను? దాని మీదనే కొలుచుకో. ఇంగొకటి, మాట బయటికి వినపడేటట్టు కుట్టు. లేకపోతే బతికుండేది ఎట్ల తెలుస్తాది?”

రుమాలు మీదనే కొలిచాను.