నా చేతిలో పోయిన ఇంజను

బాత్రూంలో నీళ్లు పోవడం లేదని అత్తయ్య పొద్దుట నుంచీ అంటూనే ఉంది. తూము మీది జాలీ తీసి, వేళ్లు లోపలికి పెట్టి, సబ్బు జిడ్డుతో ఉండ కట్టిన వెంట్రుకలు లాగుతున్నాను. ఆ ఉండలో ఇంటిల్లిపాదివీ ఉన్నాయి. అత్తయ్య తెల్లవి, నా పొడుగువి, ఆయన గడ్డం గీసుకున్న పొట్టివి. లాగే చెయ్యి మాత్రం నాదొక్కటే. ఆయన తలుపు దగ్గర నిలబడి పళ్లు తోముకుంటూ, నోట్లో నురగతోనే అన్నాడు, "ఇంజను నీ చేతిలో పోయింది. వెతికేది కూడా నువ్వే. నాకంత టైము లేదు." అని నా నెత్తి మీదుగా వాష్‌బేసిన్‌లో ఉమ్మాడు. ఓ తుంపర నా భుజం మీద పడింది. దాన్ని తుడుచుకోవడానికి కూడా శుభ్రమైన చెయ్యి లేదు నాకు.

నేను ఇళ్లకు వెళ్లి రక్తం తీస్తాను. ల్యాబు వాళ్లు చిరునామాలిస్తారు, నేను పొద్దున్నే వెళ్లి ట్యూబులు నింపుకుని, చల్లటి డబ్బాలో పెట్టుకుని, పాడవకముందే ల్యాబులో చేరుస్తాను. రక్తం, ఉచ్చ, కఫం అన్నీ మోస్తాను. నీకు అసహ్యం వెయ్యదా అని చాలామంది అడుగుతారు. మొదటి వారం వేసింది, తర్వాత పోయింది. జబ్బు మనిషి ఒంట్లోంచి వచ్చేదాంట్లో అసహ్యించుకోవడానికేమీ లేదు. నాకు వచ్చే అసహ్యం వేరు. భోజనం చేస్తూ గోళ్లతో పళ్లు కుట్టుకుని, ఆ వేళ్లతోనే నా కంచంలోంచి తీసుకుని, "ఉప్పు తగ్గింది" అనే మనిషి మీద వస్తుంది.

మా కారు పాతది. మేము కొనేటప్పటికే ఇంకొకరు వాడి వదిలేసింది. కొన్నది ఆయన, తోలేది నేను. పొద్దున్నే నా ఇళ్లు తిరిగి, ల్యాబులో డబ్బా ఇచ్చి, వచ్చి ఆయన్ని ఆఫీసు దగ్గర దింపాలి, ఎందుకంటే అక్కడ కారు పెట్టుకునే చోటు లేదు. సాయంత్రం అత్తయ్యని మోకాళ్ల వ్యాయామానికి తీసుకెళ్లాలి. ఆదివారాలు మాత్రం ఆయనే తోలతాడు, చెల్లెల్ని వెనక కూచోబెట్టుకుని. అప్పుడది "నా బండి" అవుతుంది.

కొన్ని నెలల కిందట మీటరులో ఓ చిన్న ఎర్ర లైటు మినుక్కుమనడం మొదలుపెట్టింది. ఆయిలు డబ్బా బొమ్మ. ఆయనకి చెప్పాను. "అది నీలాంటిదే, ఊరికే సణుగుతుంది" అని నవ్వాడు. నేను వదల్లేదు, రెండోసారీ చెప్పాను. ఆ వారంలోనే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి వచ్చి, "చేయించాను, ఇంక సణగదు" అన్నాడు. నిజంగానే లైటు మళ్లీ వెలగలేదు. నా మాట విని ఒక పని చేసుకొచ్చాడు కదా అని పొంగిపోయి, థాంక్సండీ అని కూడా అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాలుక గీసుకోవాలనిపిస్తుంది.

అత్తయ్యని వ్యాయామానికి తీసుకెళ్తుండగా వంతెన మీద పోయింది బండి. ముందు కింద నుంచి ఎవరో గరిటెతో గిన్నె మీద కొడుతున్నట్టు చప్పుడు, తర్వాత ఒక్క కుదుపు, అంతే. వెనకంతా హారన్లు. నేను దిగి చేతులూపుతుంటే అత్తయ్య లోపల కూచుని కొడుక్కి ఫోన్ చేసింది. "మీ ఆవిడ బండిని చంపేసిందిరా." సాయంత్రానికల్లా ఆడపడుచుకీ ఆమె మొగుడికీ తెలిసిపోయింది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆయన ప్రమోషను రాకపోవడం కూడా ఆ వారం నా డ్రైవింగు ఖాతాలోకే చేరింది.

మెకానిక్కు చూసి, ఆయిలు మొత్తం కారిపోయి ఇంజను పట్టేసిందన్నాడు. ఆయన అతని ఎదురుగానే నన్ను నిలదీశాడు. "లైటు వెలిగితే చూసుకోవద్దూ?" వెలగలేదన్నాను. "వెలక్కుండా ఎలా ఉంటుంది? ఫోన్లో మాట్లాడుతూ నువ్వే చూసుండవు. ఆడవాళ్లకి స్టీరింగిస్తే ఇంతే." మెకానిక్కు వంగి స్పానరేదో వెతుక్కుంటున్నాడు. నేను ఆ దారంతా మనసులో మళ్లీ మళ్లీ తోలి చూసుకున్నాను. వెలిగిందేమో. నేనే చూడలేదేమో. ఎవరైనా అదే మాట గట్టిగా అంటుంటే నా కళ్ల మీద నాకే నమ్మకం పోతుందని అప్పుడే తెలిసింది.

కొత్త ఇంజను మాట ఎత్తే పనే లేదు. పాతదాన్ని విప్పి బాగుచేస్తే కారు ధర కన్నా ఎక్కువవుతుంది. మిగిలిన దారి ఒక్కటే, ఇలాంటి కారే ఎక్కడైనా దెబ్బతిని విప్పడానికి వస్తే దాని ఇంజను కొనుక్కోవడం. డబ్బు ఎవరిదంటే, "పోగొట్టిన చేత్తోనే పెట్టాలిగా వదినా" అంది ఆడపడుచు తీయగా. ల్యాబు ఉద్యోగంలో పైకెళ్లే పరీక్ష రాయడానికి నేను దాచుకున్న డబ్బు అలా ఇంజనుకి పోతుందని తేలిపోయింది. ఈలోగా బస్సుల్లో డబ్బా మోసుకుని తిరుగుతుంటే నమూనాలు ఆలస్యమవుతున్నాయని ల్యాబు మేనేజరు నా ఇళ్లలో సగం ఇంకొకరికి ఇచ్చేశాడు. నెలాఖరుకి బండి లేకపోతే మిగతా సగం కూడా పోతాయన్నాడు. అందుకే వెతకడానికి బయల్దేరాను. బస్సులో కూచుని ఫోన్లో ఇంజన్ల గురించి వీడియోలు చూస్తుంటే పక్కనున్నావిడ నన్నెగాదిగా చూసింది.

పాత కార్లు విప్పి అమ్మే వీధిలో మొదటి కొట్టువాడు నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. "సార్ రాలేదామ్మా?" రాలేదు, ఇంజను నాకేనన్నాను. వెండి రంగు పూసిన ఇంజను ఒకటి చూపించాడు, ముట్టుకుంటే రంగు చేతికంటింది. ఆయిలు మూత తిప్పి చూస్తే లోపల మీగడ రంగు జిగురు. రోజూ ట్యూబులు వెలుగుకెత్తి పాడైనవేవో చూసుకునేదాన్ని, ఏది దేంట్లో కలిసిందో నాకు తెలుస్తుంది. ఇందులో నీళ్లు కలిశాయన్నాను. అతను నాకు జవాబు చెప్పలేదు, సార్‌తో మాట్లాడతానన్నాడు. అలవాటు కొద్దీ నేనే నంబరు కలిపిచ్చాను. స్పీకరులో ఆయన గొంతు ఆ కొట్టంతా వినబడింది. "దానికేం తెలుసండీ. మీరు మంచిదంటే చాలు, కట్టిచ్చెయ్యండి." కొట్టువాడు నవ్వుతూ ఫోను తిరిగిచ్చాడు. దాని మీద అతని వేళ్ల జిడ్డు, నోటి తడి. బయటికొచ్చి సంచిలోంచి స్పిరిట్ దూది తీసి ఫోను తుడిచాను, చెవి తుడుచుకున్నాను, అయినా ఏదో అంటుకునే ఉన్నట్టనిపించింది.

తర్వాత తిరిగిన కొట్లలో దొరకలేదు. చివరికి వీధి కొసన ఉన్న బట్టతల ఆసామి దగ్గర మా కారులాంటిదే ఒకటి ఉంది. వెనక నుంచి లారీ గుద్దింది, ముందు భాగం చెక్కుచెదరలేదు. రేపు పొద్దున రండి, నడిపి చూపిస్తానన్నాడు. వెళ్లాను. బానెట్ ఎత్తించి ఇంజను మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఇప్పుడే నడిపారా అంటే, లేదమ్మా ఎండకి అన్నాడు. కారేమో రేకుల కింద నీడలో ఉంది. వేడి మీదున్న ఇంజను తన దగ్గు దాచుకుంటుందని వీడియోల్లో విన్నాను.

"చల్లారనివ్వండి. కూర్చుంటాను."

"మధ్యాహ్నమవుతుందమ్మా."

"అవనివ్వండి."

ఎవరో పీకి పడేసిన కారు సీటు మీద కూచున్నాను. అక్కడి పనివాళ్లు పని మానేసి నన్ను చూశారు, నాకు వినపడేలా ఏవో అనుకున్నారు. ఆయన ఫోన్ చేసి అమ్మకి అన్నం ఎవరు పెడతారన్నాడు. గిన్నెలో ఉంది, వడ్డించుకుంటే చాలన్నాను. ఆడపడుచు ఫోన్ చేసి, "ఏంటొదినా, ఇంజను కొంటున్నావా, అక్కడే కాపురం పెట్టావా" అంది. నేను నవ్వలేదు. అంతసేపు ఏ పనీ లేకుండా, ఎవరికీ ఏమీ చెయ్యకుండా ఒకచోట కూచోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. చుట్టూ తుప్పు, మసి, మగవాళ్ల చూపులు, అయినా హాయిగానే ఉంది. అది తలుచుకుంటే ఇంటి మీద ఇంకాస్త రోత పుట్టింది.

ఇంజను చల్లబడ్డాక నేనే ఎక్కి తాళం తిప్పాను. మీటరులో ఎర్రటి ఆయిలు డబ్బా వెలిగింది. ఇంజను ఒక్క పట్టున అందుకుంది, లైటు ఆరిపోయింది. పొగ లేదు, కొట్టుకోవడం లేదు. మంచి ఇంజనే. మరెందుకు ముందే వేడి చేశారంటే ఆసామి బట్టతల గోక్కుని, అలవాటమ్మా అన్నాడు. బేరం నేనే ఆడాను. సార్‌కి ఫోన్ కలిపి ఇవ్వలేదు.

మా మెకానిక్కు షెడ్డులో దాన్ని బిగించాక చూసుకోవడానికి ఒక్కదాన్నే వెళ్లాను. తాళం తిప్పాను. బ్యాటరీ లైటు వెలిగింది, ఇంకేవో వెలిగాయి. తాళం తిప్పగానే ఒకసారి వెలగాల్సిన ఆయిలు డబ్బా చోట మాత్రం నల్లగా ఉంది. అదేదని అడిగితే, పాత బండి కదమ్మా, బల్బు పోయుంటుందన్నాడు. మీటరు విప్పమన్నాను. ఎందుకులెమ్మన్నాడు. నేను దిగకుండా కూచున్నాను. కూచోవడం ఈమధ్యే నేర్చుకున్నాను కదా. అద్దం ఊడదీస్తే లోపల, ఆ బొమ్మ మీద, గోరంత నల్ల టేపు ముక్క నీటుగా కత్తిరించి అంటించి ఉంది.

"సారే వెయ్యమన్నారమ్మా. ఆయిలు కారుతోంది, బాగుచేయాలంటే ఖర్చవుతుందని చెప్పాను. ఇప్పుడొద్దు, ముందా లైటు కనపడకుండా చెయ్యమన్నారు. టేపు నాదే."

"మరి ఆ రోజు మీ ఎదురుగానే నన్నంటుంటే విన్నారుగా."

"మొగుడూ పెళ్లాల మధ్య నాకెందుకని..."

లైటు వెలగదని తెలిసిన మనిషి, లైటు చూసుకోవద్దూ అని నన్నడిగాడు. నేను నా కళ్లని అనుమానిస్తూ తూముల్లో చేతులు పెడుతుంటే, అదే ఇంట్లో ఉప్పు తగ్గిందంటూ తిన్నాడు. ఆ టేపు ముక్కని ఖాళీ ట్యూబు మీద అంటించి సంచిలో వేసుకున్నాను.

బండి ఇంటికి వచ్చాక మొదటి ఆదివారం. పొద్దున్నే అత్తయ్య, ఆడపడుచు షికారుకి తయారై గేటు దగ్గర నిలబడ్డారు. మా ఆవిడ మింగిన ఇంజను మళ్లీ కక్కించానని చెల్లెలికి చెప్పి నవ్వుతూ ఆయన స్టీరింగు ముందు కూచున్నాడు. తాళం తిప్పాడు. ఎర్ర లైటు వెలిగింది. ఆయన చూపు వేరే ఎక్కడికీ పోలేదు, సూటిగా అక్కడికే పోయింది.

"ఇదేంటి, దీని సణుగుడు మళ్లీ మొదలైందా? వాడికి చెప్పి మూయించాలి."

నేను ట్యూబు తీసి, టేపు పీకి, ఆయన అరచేతిలో పెట్టాను.

"దీంతోనేనా?"

ఏంట్రా అది అని అత్తయ్య గేటు దగ్గర నుంచి అడిగింది, మళ్లీ అడిగింది.

"దిగండి," అన్నాను. పెళ్లయ్యాక ఆయనకి నేను చెప్పిన మొదటి పని అది. "ఇంజను ఎవరి చేతిలో పోయిందో మీ అమ్మగారికి మీరే చెప్పండి. రేపట్నుంచి ఆఫీసుకి మీరు బస్సులో వెళ్లండి. మన వీధి చివరే ఆగుతుంది, నాకు బాగా తెలుసు."

ఆయన దిగాడు. దిగి, ఆ టేపుని విదిలించబోతే ఓ వేలి నుంచి ఊడి ఇంకో వేలికి అంటుకుంది. పోయిన ఇళ్లకు బదులు ల్యాబులో ఆదివారం ఇళ్లు అడిగి తీసుకున్నాను, రక్తమివ్వడానికి ఏమీ తినకుండా నా కోసం కూచున్నవాళ్లు ఆ పొద్దున చాలామందే ఉన్నారు. డబ్బా పక్క సీటులో పెట్టుకుని తాళం తిప్పాను. ఎర్ర లైటు వెలిగింది. ఇంజను అందుకున్నాక అదే ఆరిపోయింది, ఎవరూ నోరు మూయించకుండానే.