బాకీ ఉన్న కాఫీ బిళ్ళ

పవర్ హౌస్ బజారులో తుక్కుకొట్టు ముందు గొంతుక్కూర్చుని గురునాథరావు అయస్కాంతం ఆడిస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళు ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాక, అయస్కాంతానికి అంటుకోనివే ఆయనకు కావాలి. రెండో యుద్ధం రోజుల్లో నాణేలు కరువై, హోటళ్ళవాళ్ళు సొంత పేరుతో కొట్టించి చిల్లరకు బదులిచ్చిన ఇత్తడి బిళ్ళలంటే ఆయనకు పిచ్చి. ఇంట్లో నూటపన్నెండున్నాయి. భార్య సత్యలక్ష్మి వాటిని సవతులంటుంది.

“ఆజ్ కుఛ్ నహీ, అంకుల్,” అన్నాడు కొట్టతను, ఇవాళేమీ లేవన్నట్టు చెయ్యి ఊపుతూ.

చేతులు దులుపుకొని, ప్రతి ఆదివారంలాగే నూకమ్మ టిఫిన్ బండి దగ్గరికి నడిచాడు. ఆమె మొలలో తాళాలగుత్తికి ఓ బిళ్ళ వేలాడుతుంది. పార్వతీపురంలో ఆమె మామగారు నడిపిన హోటలుది. ‘ఒక కాఫీ’ అని ఉంటుంది. దాని జోడు, ‘రెండు ఇడ్లీ’ బిళ్ళ, ఎప్పుడూ ఈయన చొక్కా జేబులోనే. జత కలపాలని పదకొండేళ్ళుగా బతిమాలుతున్నాడు. ఆమె ఇస్తేనా!

“రేపట్నుంచి నాను రాను తమ్ముడూ. సాయంత్రం రైలుకి ఎలిపోతన్నాను. మా మనవరాలు అమ్ము పార్వతీపురంలో కాఫీకొట్టు ఎట్టింది,” అంది నూకమ్మ.

గురునాథరావు చూపు తాళాలగుత్తి మీదికి పోయింది. “మరి బిళ్ళ, అప్పా?”

“బిళ్ళ బయటుంటే కాఫీ బాకీ ఉన్నట్టేనని మా మావ చెప్పీవోడు. బాకీ ఎట్టి ఊరు దాటమంటావేటి? నీ కాడున్న ఇడ్లీ బిళ్ళ తల్చుకుంటేనే నాకు నిద్దరట్టదు. ఎవుడో తినకుండా ఎలిపోనాడు కదా.”

ఆమె కళ్ళలో నిజంగానే దిగులుంది. గురునాథరావు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. ఇస్తే జత ఆశ ఇక లేనట్టే. ఏమైతేనేం, తీసి బండి మీద పెట్టేశాడు.

“రెండిడ్లీ ఎయ్యప్పా. మీ మావ బాకీ తీరిపోతాది.”

నూకమ్మ బిళ్ళను కళ్ళకద్దుకుని, సరిగ్గా రెండే వేసింది. ఎనభై ఏళ్ళు ఆగిన ఇడ్లీలు వేడివేడిగా ఉన్నాయి. ఆయన ఇంటికి బయల్దేరేటప్పుడు సత్యలక్ష్మికని గారెల పొట్లం చేతిలో పెట్టింది.

సాయంత్రం ఆయన స్టేషనుకు వెళ్ళలేదు. వెళితే ఏడుపొస్తుందని భయం. రైలు వెళ్ళిపోయే వేళకి సత్యలక్ష్మి టీలోకని పొట్లం విప్పింది.

“ఇదేటండీ, గారెల్లో సవతి!”

గురునాథరావు పడీపడీ నవ్వాడు. “బాకీ ఎట్టనన్న మనిషి, బాకీ ఎట్టి మరీ ఎల్లింది! ఇక మనం పార్వతీపురం ఎల్లి తాగాల్సిందే.”

“ఒక్క కాఫీయేనా? మరి నాకో?”

సత్యలక్ష్మి చెంగుతో నూనె తుడిచి బల్ల మీద పెట్టిన ఆ ఇత్తడి మీద, తాళాలకు రాసుకుని అరిగిపోయినా, రెండు మాటలు ఇంకా చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి: ఒక కాఫీ.