చేపల ఐసు

అది 2008వ సంవత్సరం. కాకినాడలోని ఒక ఆసుపత్రిలో కీమోథెరపీ గదికి లోవమ్మ వచ్చిందంటే, వెనకాలే ఆమె భర్త పెదబాబు థర్మాకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. అంతర్వేదిలో చేపలమ్ముకునే లోవమ్మకు రొమ్ము క్యాన్సర్‌ ఆపరేషను అయింది. వారానికొకటి చొప్పున పన్నెండుసార్లు మందు ఎక్కించాలన్నారు.

"ఈ మందుకి వేళ్ల నరాలు దెబ్బతినొచ్చండి," అని మొదటిరోజే చెప్పింది నర్సు శాంతి. "మందెక్కేంతసేపూ చేతులూ పాదాలూ చల్లగా ఉంచితే కొంతమందికి ఆ బాధ తక్కువుంటోందంట. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను గానీ, డాక్టరుగారు ప్రయత్నిద్దామన్నారు. మా దగ్గర అంత ఐసు లేదండి."

"ఐసుకేం కరువండి మాకు!" అన్నాడు పెదబాబు.

చేపలు పెట్టుకునే ఆ పెట్టెను సబ్బుతో నాలుగుసార్లు కడిగి, ఐసు సంచుల్లో కట్టి, మొదటి బస్సుకి తెచ్చేవాడు. శాంతి వాటిని తువ్వాళ్లలో చుట్టి లోవమ్మ చేతులకూ పాదాలకూ పెట్టేది. మధ్యమధ్య తీసి చర్మం చూసేది.

నాలుగోవారం శాంతి సెలవులో ఉంది. పక్క మంచం మీదున్న కొత్తపేట సూర్యావతి, కొబ్బరితోటలున్న ఇంటావిడ, ముక్కుకి పైటచెంగు అడ్డుపెట్టుకుంది.

"ఇదేం ఆసుపత్రండీ, చేపల బజారా?"

గదిలో కొందరు నవ్వారు. తప్పని ఒక్కరూ అనలేదు. లోవమ్మ చేతులు సంచుల్లోంచి తీసేసుకుంది.

"పెట్టె బయటెట్టెయ్ మావా. ఇంకెప్పుడూ తేకు."

మరుసటివారం ఐసేదని శాంతి అడిగితే, "చలికి తట్టుకోలేకపోతన్నానండి," అని అబద్ధమాడింది. వేళ్ల చివర చీమలు పాకినట్టున్నా చెప్పలేదు. చెబితే మళ్లీ ఐసు తెమ్మంటారని భయం.

పన్నెండూ పూర్తయ్యాయి. కొన్నాళ్లకు తట్ట ముందు కూర్చుని జెల్ల చేప శుభ్రం చేస్తుంటే, కొనడానికొచ్చిన సుబ్బమ్మ కేకపెట్టింది.

"అయ్యబాబోయ్, ముల్లు దిగిపోయిందే లోవమ్మా!"

జెల్ల ముల్లు గుచ్చుకుంటే పడవలు లాగే మగాళ్లే గిలగిల్లాడిపోతారు. లోవమ్మకు కిందికి చూసుకుంటే గానీ తెలియలేదు. అరచెయ్యంతా రక్తం. నొప్పి తెలియనందుకు ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు శాంతి ఆ చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఐసు పెట్టినా ఇలాగే అయ్యేదేమో, ఎవరూ చెప్పలేమండి. స్పర్శ కొంత తిరిగి రావచ్చు. కానీ చలికే కదా మానేసేరు?"

"చలికి కాదండి. వాసనన్నారు."

పరీక్షకు వచ్చి అక్కడే కూర్చున్న సూర్యావతి ఆ మాట విని తలెత్తింది. జాకెట్టు హుక్కు కూడా తనకు తానుగా పెట్టుకోలేకపోతున్న మనిషి ఆమె.

"నా వేళ్లూ మొద్దుబారిపోయాయమ్మా," అంది సన్నగా. "ఆ పెట్టెలో ఐసు నాకూ సరిపోయేది."

"అడిగితే ఇచ్చేవోళ్లమేనండి," అంది లోవమ్మ.

సూర్యావతి ముఖం దించుకుంది. శాంతి గదిలో ఉన్నవాళ్లందరి వైపూ తిరిగింది.

"మనిషిని ఒక్కసారి సిగ్గుతో చితక్కొడితే, ఇక ఆ మనిషి తన బాధ కూడా చెప్పుకోదండి. చెప్పుకోని బాధకి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు."